రిపేర్ చేశానంటుంది, ఏం రిపేర్ చేసిందో చెప్పదు: మా కొట్లో వాడుతున్న యాంటీవైరస్ మీద రివ్యూ

డబ్బులు పెట్టి కొన్న యాంటీవైరస్‌కి ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా. వైరస్‌లు పట్టుకోవడంలో దానికి పెద్దగా వంక పెట్టడానికేం లేదు. పాత సిస్టమ్‌లో పొద్దున్నే స్కాన్ మొదలుపెట్టి మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీని తెరుచుకోనివ్వకుండా చేస్తున్నందుకు ఒక స్టారు కోశాను. రెండోది మాత్రం వేరే విషయానికి. స్క్రీన్ మీద కుడి పక్క కింద మూలన ఆకుపచ్చ టిక్కు పెట్టి, "4 ఇష్యూస్ ఆటోమేటికల్లీ రిపేర్డ్, నో యాక్షన్ రిక్వైర్డ్" అని ఒక్క ముక్క చూపించి మాయమైపోతుంది. ఏ నాలుగు? ఏ ఫైళ్ళు? నువ్వు ముట్టుకున్నది వైరస్‌నా, నా పనికొచ్చే ఫైలునా? అడిగేలోపే బాక్స్ ఉండదు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ జబ్బు ఒక్క కంపెనీది కాదు, మీరు వాడేది వేరేదైనా ఇందులో సగం మీకూ ఎదురయ్యే ఉంటుంది.

మాది గుంటూరు మిర్చియార్డు దగ్గర కమీషన్ కొట్టు. నేను లెక్కలు చూస్తాను, కొట్లో కాస్త ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి కాబట్టి కంప్యూటర్ చెడిపోయినా నా నెత్తినే. మూడు సిస్టమ్‌లు ఉన్నాయి, ఒకదాంట్లో టాలీ డేటా ఉంటుంది, మిగతా రెండూ దానికి కనెక్ట్ అవుతాయి. సీజన్లో రైతు ఎదురుగా నిలబడి పట్టీ (సరుకు లెక్క చీటీ) కోసం చూస్తుంటాడు, హమాలీలు అరుస్తుంటారు, అప్పుడు కంప్యూటర్ మొరాయిస్తే వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో ఆ లైన్లో ఉన్నవాళ్ళకే తెలుసు. అరండల్‌పేటలో ఒక షాపులో మూడు సిస్టమ్‌లకి కలిపి ఒకే ప్యాక్ తీసుకున్నాం, షాపతనే వచ్చి ఇన్‌స్టాల్ చేసి వెళ్ళాడు.

మొదటి దెబ్బ టాలీకి తగిలింది. ఒక సిస్టమ్‌లో పొద్దున తెరిస్తే డేటా కనపడట్లేదు, సర్వర్ దొరకట్లేదంటుంది. కేబుల్ చూశాం, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాం, రెండోదాంట్లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ముందు రోజు సాయంత్రం అదే సిస్టమ్‌లో ఆ ఆకుపచ్చ టిక్కు వచ్చిందని మా గుమాస్తా కుర్రాడు "వైరస్ పోయిందంట అన్నయ్యా" అని సంబరంగా చెప్పాడు కూడా. అది గుర్తొచ్చి యాంటీవైరస్ తెరిచి వెతికితే, సెట్టింగ్స్‌లో కాదు, హెల్ప్‌లో కాదు, "రిపోర్ట్స్" అనే దాంట్లో ఇంకో ట్యాబ్‌లో, ఫిల్టర్ మార్చితే తప్ప కనపడని చోట ఒక లైను దొరికింది: హోస్ట్స్ ఫైల్, మాడిఫైడ్, రీస్టోర్డ్ టు డిఫాల్ట్.

ఈ హోస్ట్స్ ఫైలు గురించి రెండు మాటలు. సీ డ్రైవ్‌లో విండోస్ లోపల సిస్టమ్32, దాంట్లో డ్రైవర్స్, దాంట్లో ఈటీసీ అనే ఫోల్డర్ ఉంటుంది, అక్కడ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ లాంటిదేమీ లేకుండా హోస్ట్స్ అనే చిన్న ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఫలానా పేరుకి ఫలానా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు) అని అందులో రాస్తే కంప్యూటర్ ముందు దాన్నే నమ్ముతుంది, ఆ తర్వాతే బయట డీఎన్ఎస్‌ని, అంటే పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్‌ని, అడుగుతుంది. దొంగ ప్రోగ్రామ్‌లకి అందుకే అదంటే మోజు: బ్యాంకు వెబ్‌సైట్ పేరుకి తమ సర్వర్ అడ్రస్ రాసేస్తే చాలు. కాబట్టి యాంటీవైరస్ దాన్ని అనుమానించడంలో న్యాయం ఉంది. మా హార్డ్‌వేర్ అతను ఎప్పుడో అదే ఫైల్లో టాలీ సర్వర్ పేరు, దాని అడ్రస్ ఒక లైన్లో రాసిపెట్టాడు. యాంటీవైరస్‌కి అది మంచి లైనో చెడ్డ లైనో తెలియదు. తెలియనప్పుడు అడగాలి గదా, మొత్తం తుడిచేసి టిక్కు పెట్టింది. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ కూడా ఈ ఫైలు విషయంలో పట్టుదలగానే ఉంటుంది. 2020 జులై ఆఖరు నుంచి కంప్యూటర్ వాడకం సమాచారం సేకరించే మైక్రోసాఫ్ట్ టెలిమెట్రీ సర్వర్లను అడ్డుకునే లైన్లున్న హోస్ట్స్ ఫైళ్ళను హైజాక్ అయినట్టు చూపించడం మొదలుపెట్టింది, క్లీన్ చేయమంటే ఆ ఒక్క లైను కాదు, ఫైలంతా డిఫాల్ట్‌కి వెళ్ళిపోయేది. క్రాక్ సాఫ్ట్‌వేర్ (లైసెన్సు కొనకుండా తాళం పగలగొట్టినది) వాడేవాళ్ళకి ఒక్కసారిగా "మీ కాపీ ఒరిజినల్ కాదు" అని రావడం మొదలైతే చాలాసార్లు దాని వెనక ఉండేది ఇదే, యాక్టివేషన్ సర్వర్లను ఆపడానికి రాసిన లైన్లు ఎగిరిపోయి ఉంటాయి. వాళ్ళ మీద నాకు పెద్ద జాలి లేదు గానీ, కారణం మాత్రం అది.

రెండోది ఎక్సెల్ ఫైలు. ఇది నాకు బాగా మంట పుట్టించింది. రైతుకిచ్చే ఆ పట్టీ, మా భాషలో తక్‌పట్టీ, వేయడానికి మా దగ్గర పాత ఎక్సెల్ ఒకటి ఉంది, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా బరువు ఎంత, తరుగు, రేటు కొడితే కమీషన్, హమాలీ, కాటాకూలీ అన్నీ పోను రైతుకి రావాల్సింది లెక్క కట్టి, కింద ఒక బటన్ నొక్కితే రెండు కాపీలు ప్రింట్ కొడుతుంది, నంబరు దానంతటదే పెరుగుతుంది. ఒకరోజు బటన్ చచ్చిపోయింది. లెక్కలు వస్తున్నాయి, ఫార్ములాలు బానే ఉన్నాయి, బటన్ నొక్కితే మ్యాక్రో (ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్) దొరకట్లేదంటుంది. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే కోడ్ కనిపించే కిటికీ తెరుచుకుంటుంది, అందులో మ్యాక్రో కోడ్ ఉండాల్సిన చోట ఖాళీ. ఎవరూ డిలీట్ చేయలేదు. రిపోర్ట్‌లో చూస్తే ఆ ఫైలు పేరు పక్కన ఒక్క మాట: క్లీన్డ్.

యాంటీవైరస్ ఒక ఫైలుని పట్టుకున్నాక చేసేవి స్థూలంగా మూడు రకాలు, రిపేర్ అనే ఒక్క మాట కింద అన్నింటినీ కలిపేస్తారు. క్వారంటైన్ అంటే ఫైలుని ఎన్‌కోడ్ చేసి పనిచేయకుండా ఒక మూల దాచడం, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. డిలీట్ అంటే తెలిసిందే. క్లీన్ అంటే ఫైలుని ఉంచి, లోపల చెడు అనుకున్న భాగాన్ని మాత్రం కత్తిరించడం. సాలిటీ, రామ్నిట్ లాంటి వైరస్‌లు మామూలు ప్రోగ్రామ్ ఫైళ్ళకి తమ కోడ్ అంటించి, ప్రోగ్రామ్ మొదలయ్యే చోటుని తమవైపు తిప్పుకుంటాయి, అలాంటప్పుడు ఆ అంటించిన ముక్క తీసేసి మొదలయ్యే చోటుని తిరిగి పాత చోటికి పెట్టడమే క్లీన్ చేయడం. పూర్తిగా మునుపటిలా రావచ్చు, రాకపోవచ్చు, ఒక్క బైటు తేడా వచ్చినా డిజిటల్ సిగ్నేచర్ సరిపోదు. ఆఫీస్ ఫైళ్ళలో క్లీన్ అంటే మ్యాక్రో తీసేయడమే. మా పాత ఫైల్లో మ్యాక్రో దానంతటది ప్రింటర్‌ని పిలుస్తుంది, ఇంకో ఫోల్డర్‌లో కాపీ సేవ్ చేస్తుంది, ఆ తీరు చూసి యాంటీవైరస్‌లో నడవడికని బట్టి అంచనా వేసే హ్యూరిస్టిక్ ఇంజిన్‌కి అనుమానం వచ్చింది. అదృష్టం బాగుండి క్లీన్ చేసే ముందు అసలు ఫైలు కాపీ ఒకటి క్వారంటైన్‌లో పెట్టింది, అక్కడి నుంచి తెచ్చుకున్నా. అది ఉందని మాత్రం ఎక్కడా చెప్పదు.

ఇక్కడ ఒక మాట, అన్నీ యాంటీవైరస్ మీదకే తోసేయకండి. 2022 నుంచి ఇంటర్నెట్‌లోంచి దిగిన ఫైళ్ళలో మ్యాక్రోలను మైక్రోసాఫ్ట్ ఆఫీసే ఆపేస్తోంది, పైన ఎర్రటి పట్టీ వస్తుంది. ఆడిటర్ గారు మెయిల్లో పంపిన ఫైల్లో మ్యాక్రో ఆడకపోతే ముందు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కింద అన్‌బ్లాక్ అనే టిక్కు ఉందేమో చూడండి, పంపినవాళ్ళు తెలిసినవాళ్ళేనని ఖాయం చేసుకున్నాకే. కోడ్ లోపల ఉండి ఆడట్లేదంటే ఆఫీస్ ఆపినట్టు, కోడే లేదంటే ఎవరో కోసేసినట్టు.

పెన్‌డ్రైవ్ కథ అందరికీ తెలిసిందే అయినా చెప్పాలి. జిరాక్స్ షాపుకెళ్ళి ఆధార్ కాపీ ప్రింట్ తీయించుకుని వస్తే పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉంటాయి. ఆ వైరస్ చేసేది ఏంటంటే, మీ అసలు ఫోల్డర్లకి హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తగిలించి కనపడకుండా చేసి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది, నొక్కితే ముందు వైరస్, వెనకే మీ ఫోల్డర్ తెరుచుకుంటాయి. యాంటీవైరస్ ఆ షార్ట్‌కట్లను తీసేసి "రిపేర్డ్" అంటుంది. హిడెన్ గుర్తులు తీయడం కొన్ని చేస్తాయి, మాది చేయలేదు. ఇక చూడండి, పెన్‌డ్రైవ్ తెరిస్తే ఖాళీ. మా షావుకారు గారి అబ్బాయి పెళ్ళి ఫొటోలు అందులోనే, ఇంట్లో ఎంత గొడవైందో రాయలేను. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, డ్రైవ్ ప్రాపర్టీస్‌లో చూస్తే స్థలం నిండే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ కమాండ్‌తో హెచ్, ఎస్ గుర్తులు మైనస్ చేస్తే అన్నీ బయటికొచ్చాయి. ఫార్మాట్ కొట్టి రికవరీ చేస్తానని వేలు అడిగినవాళ్ళున్నారు ఊళ్ళో, జాగ్రత్త.

నాలుగో రకం చిన్నది. కౌంటర్ సిస్టమ్‌లో ఎవరూ కెలకకుండా టాస్క్ మేనేజర్‌ని (నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపించి ఆపనిచ్చేది) రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగ్‌లన్నీ ఉండే చోట, మేమే ఆపించాం. వైరస్‌లు కూడా తమని ఆపకుండా అదే పని చేస్తాయి కాబట్టి యాంటీవైరస్ దాన్ని తిరిగి ఆన్ చేసి ఒక రిపేర్ కింద లెక్కేసుకుంది. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళు ఇలాంటి వాటికి విడిగా పీయూఎం (అక్కర్లేకపోవచ్చు అనిపించే మార్పు) అని పేరు పెట్టారు, ఇది వైరస్ కాదు, ఎవరో మార్చిన సెట్టింగ్, మీరే మార్చి ఉంటే వదిలేయండి అనే అర్థంలో. అదే మర్యాద. మాది ట్రాకింగ్ కుకీలను (మనం ఏం చూశామో గమనించడానికి సైట్లు పెట్టే చిన్న ఫైళ్ళు) కూడా "థ్రెట్స్" ఖాతాలో కలుపుతుంది, న్యూస్ సైట్లు చూసిన రోజు అంకె ఆకాశాన్నంటుతుంది, నెలాఖరు రిపోర్ట్ చూసి మా షావుకారు గారు "ఇన్ని వైరస్‌లా మన కొట్లో!" అని ఆశ్చర్యపోతారు. రిజిస్ట్రీ చెత్త, టెంప్ ఫైళ్ళు కూడా అందులోనే. రెన్యువల్ కట్టించడానికి అంకె పెద్దదిగా ఉండాలి మరి. రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో రాసిపెట్టింది, ఆ బటన్ ఉంటే ఆపేసుకోండి.

అడక్కుండా ఎందుకు చేస్తాయంటే, దానికీ కారణం ఉంది. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ప్రతిదానికీ "అనుమతించాలా, ఆపాలా" అని బాక్స్ వచ్చేది, జనం చదవకుండా ఓకే కొట్టేసేవాళ్ళు. రాన్సమ్‌వేర్ లాంటిది ఒకసారి మొదలైతే నిమిషాల్లో ఫైళ్ళన్నీ తాళం వేసేస్తుంది, గుమాస్తా టీ తాగి వచ్చి యెస్ నొక్కేదాకా ఆగితే పని అయిపోతుంది. అందుకని వెంటనే చర్య తీసుకోవడం మీద నాకేం అభ్యంతరం లేదు. చేశాక చెప్పకపోవడం మీదే. ఆటోనగర్‌లో లారీ ఇస్తే మెకానిక్ కూడా పాత పార్టు చేతికిచ్చి చూపిస్తాడు, ఏడాదికి వేలు కట్టించుకునే సాఫ్ట్‌వేర్ ఆ మాత్రం చేయలేదా.

పైగా అవి తప్పు చేయవని ఏం లేదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ వాళ్ళ 5958 నంబరు అప్‌డేట్, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఉన్న సిస్టమ్‌లలో ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ సొంత ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది, ప్రపంచమంతా ఆఫీసుల్లో కంప్యూటర్లు నెట్‌వర్క్ పోయి పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. 2017 ఏప్రిల్‌లో వెబ్‌రూట్ విండోస్ ఫైళ్ళనే ట్రోజన్లు (మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చేవి) అనుకుని క్వారంటైన్‌లో పెట్టింది. 2023 జనవరి 13న కంపెనీలు వాడే డిఫెండర్‌లో ఒక రూల్ గాడి తప్పి స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ షార్ట్‌కట్లను తీసేసింది, ప్రోగ్రామ్‌లు ఎక్కడివక్కడే ఉన్నా జనానికి వర్డ్, ఎక్సెల్ మాయమైనట్టు అనిపించింది. ఆ మూడుసార్లూ ఇంజిన్ దృష్టిలో తను రిపేరే చేసింది.

ఇంకొకటి, చాలామందికి తికమక పెట్టేది. అలర్ట్ సోమవారం వస్తుంది, ఫైలు మాయమయ్యేది మంగళవారం పొద్దున. వాడుకలో ఉన్న ఫైలుని విండోస్ చెరపనివ్వదు, అందుకని యాంటీవైరస్ "ఈసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు తీసెయ్" అని విండోస్‌కి రాసిపెడుతుంది. మన సిస్టమ్‌లు రోజుల తరబడి స్లీప్‌లోనే ఉంటాయి గదా, ఎప్పుడో కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పని జరుగుతుంది, మనం కరెంటుని తిట్టుకుంటాం. ఫైలు ఎప్పుడు పోయిందో కాదు, దానికి ముందు చివరి అలర్ట్ ఎప్పుడొచ్చిందో చూడాలి.

ఇవన్నీ వెతికే ముందు, ఆ మెసేజ్ నిజంగా మీ యాంటీవైరస్ నుంచే వచ్చిందా చూసుకోండి. మా పక్క కొట్టువాళ్ళకి రోజూ "వైరస్ దొరికింది, రిపేర్ చేశాం, మిగతావి రిపేర్ చేయడానికి ఇక్కడ నొక్కండి" అని వచ్చేది, పెద్ద కంపెనీ బొమ్మ కూడా ఉంది. వెళ్ళి చూస్తే వాళ్ళ సిస్టమ్‌లో ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే లేదు. బాక్స్‌లో చిన్న అక్షరాలతో గూగుల్ క్రోమ్ అనీ, దాని పక్కన ఏదో ఊరూ పేరూ లేని సైటు అడ్రసూ ఉన్నాయి. సినిమా డౌన్‌లోడ్ కోసం వెళ్ళిన సైటు "అలో నొక్కండి" అంటే నొక్కారు, అంతే, అది నోటిఫికేషన్లు పంపుకుంటోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్ళి ఆ సైటుని తీసేస్తే పోయింది. ఫోన్ నంబరు చూపించి కాల్ చేయమనే బాక్స్ అయితే నూటికి నూరుపాళ్ళు మోసం, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక సర్వీసు సంగతి. షాపతను మనిషి మంచివాడు, పిలిస్తే వస్తాడు, మాట మెత్తగా ఉంటుంది. కానీ హోస్ట్స్ ఫైలు గురించి అడిగితే "గ్రీన్ టిక్ ఉంది గదా సార్, ఇంకేం కాదు" అన్నాడు. వీళ్ళు డబ్బా అమ్ముతారు, రిపోర్ట్ ఎక్కడుందో వీళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి మారారు, తెలుగుకి ఏ నంబరు నొక్కాలో నాకు దొరకలేదు. చివరికి ఒకావిడ రిమోట్‌లోకి వచ్చి, కాసేపు అటూఇటూ తిప్పి, "అవర్ ఇంజిన్ హ్యాజ్ ఆటోమేటికల్లీ రెమిడియేటెడ్, సర్" (మా ఇంజిన్ తనంతట తనే సరిచేసింది) అన్నారు. అది నాకూ తెలుసమ్మా, ఏం రెమిడియేట్ చేసిందో అడుగుతున్నా అంటే టికెట్ రైజ్ చేస్తానన్నారు. మెయిల్ వచ్చింది, అందులో సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని ఉంది. తీసేస్తే ఉన్న రిపోర్ట్ కూడా పోతుందని వాళ్ళకి తట్టలేదు.

పోల్చడానికి ఇంట్లో లాప్‌టాప్‌లో ఉన్న డిఫెండర్ చూశా. పైన కనిపించే ప్రొటెక్షన్ హిస్టరీ అంత గొప్పగా ఏం లేదు, అయినా తెలిసినవాళ్ళకి కింద అసలు ఖాతా ఉంది. విండోస్‌లో జరిగినవన్నీ రాసి ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్ వరకు వెళ్తే, 1116 నంబరు ఈవెంట్ అంటే పట్టుకుంది అని, 1117 అంటే చర్య తీసుకుంది అని. ఫైలు పూర్తి దారి, ఏ ప్రోగ్రామ్ దాన్ని తెరవబోయింది, ఎవరి లాగిన్‌లో, చేసింది క్వారంటైనా, రిమూవా, క్లీనా, అన్నీ ఉంటాయి. 1118, 1119 కనిపిస్తే చర్య ఫెయిలైందని, అప్పుడే నిజంగా కంగారు పడాలి. 5007 అయితే డిఫెండర్ సెట్టింగ్ ఏదో మారింది, పాత విలువా కొత్త విలువా రెండూ రాసి ఉంటాయి.

వైరస్ పేరు చదవడం కూడా నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. డిఫెండర్‌లో మొదటి మాట రకం, ట్రోజన్, హ్యాక్‌టూల్, పీయూఏ (అక్కర్లేకపోవచ్చు అనిపించే ప్రోగ్రామ్) ఇలా. తర్వాత ఏ సిస్టమ్ మీద ఆడేదో, ఆ తర్వాత కుటుంబం పేరు. హ్యాక్‌టూల్ అంటే ఎక్కువగా క్రాక్, కీజెన్ (దొంగ లైసెన్సు నంబర్లు తయారుచేసేది) సరుకు. చివర ఆశ్చర్యార్థకం పక్కన ఎంఎల్ అని ఉంటే మెషీన్ లెర్నింగ్ అంచనాతో పట్టుకున్నది, పొరపాటు కావడానికి అవకాశం కాస్త ఎక్కువ. అలాగని వెంటనే వెనక్కి తెచ్చేసుకోవద్దు.

అనుమానం ఉంటే వైరస్‌టోటల్ ఉంది, 2012 నుంచి గూగుల్ చేతిలో ఉన్న సైటు, ఒకే ఫైలుని పదుల కొద్దీ ఇంజిన్లతో చూపిస్తుంది. కానీ అక్కడికి ఎక్కించిన ఫైలు సెక్యూరిటీ కంపెనీలకి, డబ్బు కట్టిన చందాదారులకి అందుబాటులోకి వెళ్తుంది. రైతుల బ్యాంకు అకౌంట్ నంబర్లున్న ఎక్సెల్, పాన్ కార్డులు, జీఎస్టీ ఫైళ్ళు పొరపాటున కూడా ఎక్కించకండి. కమాండ్ ప్రాంప్ట్‌లో సెర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో ఫైలు ఎస్‌హెచ్ఏ256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు) తీసి, ఆ నంబరు మాత్రం వెతకండి, ఫైలు మన దగ్గరే ఉంటుంది. మా తక్‌పట్టీ ఫైలు హ్యాష్‌కి అక్కడ ఏమీ రాలేదు. రాదు కూడా, అది మా కొట్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. చివరికి కోడ్ చదవడం తెలిసినతనికి చూపించుకుని, ఆ ఒక్క ఫైలుని ఎక్స్‌క్లూజన్‌లో (స్కాన్ చేయకుండా వదిలేసే జాబితాలో) పెట్టించా. ఫోల్డర్ మొత్తం పెట్టమని షాపతను సలహా ఇచ్చాడు. వద్దు, రేపు అదే ఫోల్డర్‌లో ఎవడైనా ఏదైనా పడేస్తే అడిగే దిక్కుండదు.

రెన్యువల్ దాటిపోయినవాళ్ళకి ఒక వింత కనపడుతుంది, అది కూడా రిపేర్ల ఖాతాలోదే. విండోస్ 10, 11లో బయటి యాంటీవైరస్ ఉంటే డిఫెండర్ తనంతట తను పక్కకి తప్పుకుంటుంది, దాని గడువు అయిపోతే మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది. ఎక్కగానే పాతది ఇన్నాళ్ళూ ఎక్స్‌క్లూజన్‌లో వదిలేసినవన్నీ కొత్తగా చూసి పట్టుకుంటుంది. "గడువు అయిపోయిన రోజునుంచే వైరస్‌లు వచ్చాయి" అని జనం భయపడి డబ్బు కడతారు. వైరస్‌లు కొత్తగా రాలేదండీ, చూసే కళ్ళు మారాయి.

ఇప్పుడు మా దాంట్లో సెట్టింగ్స్ మార్చి పెట్టా: తక్కువ ప్రమాదం అనుకున్నవాటికి అడిగి చేయమని, పెద్దవాటికి క్వారంటైనే, డిలీట్ వద్దని, క్లీన్ చేసే ముందు కాపీ తప్పనిసరి అని. ఈ మూడూ ఉన్నాయి లోపల, అడ్వాన్స్‌డ్ అనే దాని కింద దాచిపెట్టారు, అందుకే మూడో స్టారు ఇచ్చా, లేకపోతే రెండే. నోటిఫికేషన్ మాయమవకుండా ఉంచే వీలు మాత్రం దొరకలేదు. హోస్ట్స్ ఫైలు కాపీ ఒకటి, తక్‌పట్టీ ఫైలు కాపీ ఒకటి విడిగా పెట్టుకున్నాం.

రెన్యువల్ సీజన్ మొదట్లోనే పడుతుంది. రెండు సిస్టమ్‌లకి డిఫెండర్ చాలనుకుంటున్నా, రోజూ ఎవరివో పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కౌంటర్ సిస్టమ్‌కి ఒక్కదానికి ఏం చేయాలా అని ఆలోచిస్తున్నా. షాపతను మూడింటికీ కడితే తగ్గింపు ఇస్తానంటున్నాడు. తగ్గింపు సంగతి తర్వాత, చేసిన రిపేర్లన్నీ ఫైలు పేర్లతో సహా ఎక్సెల్‌లోకి తీసుకునే ఆప్షన్ కొత్త వెర్షన్‌లో ఉందేమో ముందు చూపించమన్నా. "కంపెనీవాళ్ళని కనుక్కుని చెప్తా సార్" అన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.